ఒకే రూపాయి, వేర్వేరు విలువలు

రూపాయి దేశమంతట నొక్కటే. కొహిమాలో చెల్లునదియే కోరాపుట్టులోను చెల్లును. కాని యది సమకూర్చు జీవనము మాత్ర మొక్కటి కాదు. ప్రతి గృహస్థు నెరిగిన యీ సత్యమును ప్రభుత్వయంత్రము గుర్తించుటకు చిరకాలము పట్టినది.

1979లో ప్రణాళికా సంఘమువారి నిపుణవర్గము దారిద్ర్యరేఖను నిర్ణయించినపుడు పల్లెలకొకటి, పట్టణములకొకటి చొప్పున దేశమునకంతకు రెండే రేఖలు గీచెను. 1993లో లక్డావాలా సంఘము రాష్ట్రరాష్ట్రమునకును వేరు రేఖ యుండవలెనని తేల్చెను. 2009 నాటి తెండూల్కర్ సంఘము ఈ పోలికను మరల సంస్కరించెను. ఆ పద్ధతిని 2011-12 సంవత్సరమునకు కట్టిన లెక్కలను పాఠకులు చిత్తగింతురుగాక. పల్లెసీమలో మనిషి యొక్కనికి నెలసరి కనీసవ్యయము ఒడిశాలో 695 రూపాయలు, ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 860, పంజాబున 1,054, నాగాలాండున 1,270. ఇవి నేటి ధరలు కావు. వాని నిష్పత్తియే గమనింపదగినది. ఒడిశా పల్లెలో నూరు రూపాయలతో జరుగు బ్రతుకునకు నాగాలాండు పల్లెలో దాదాపు 183 రూపాయలు కావలసివచ్చెను. కేరళములో పల్లెకు 1,018, పట్టణమునకు 987! పల్లె యనినంతనే చౌక యను నమ్మకము సర్వత్ర చెల్లదు.

ఈ భేదమునకు కారణము సుబోధమే. ధాన్యము రైలెక్కి పోగలదు, ఇల్లు కదలదు. అద్దె, కూలి, వైద్యము, చదువు ఎక్కడివక్కడనే కొనవలసినవి. కొండసీమలకు చేరు సరకుపై రవాణావ్యయము గూడ పడును.

తన యుద్యోగుల విషయమున కేంద్రప్రభుత్వ మీ భేదమును సగమే మన్నించినది. 2017లో ఇంటియద్దె భత్యమును నగరశ్రేణినిబట్టి మూలవేతనముపై నూటికి 24, 16, 8 వంతున నిర్ణయించెను. హైదరాబాదు మొదటి శ్రేణి. విజయవాడ, వరంగల్లు రెండవ శ్రేణి. కాని కరువు భత్యము దేశమంతట నొక్కటే. దానికాధారమగు సూచిక కాలమును కొలుచును గాని స్థలమును కొలువదు. 2016 నాటి ధరలను ప్రతికేంద్రమునందును 100గా నెంచిరి. కావున గుంటూరు అంకె ముంబయి అంకెను మించినను, గుంటూరు ముంబయికంటె ప్రియమని యర్థము కాదు. అటుపిమ్మట అచ్చట ధరలు త్వరితముగా పెరిగెనని మాత్రమే.

ఉద్యోగికి భత్యమైన గలదు. పాలమూరు వదలి ముంబయి చేరిన కూలివానికి ఏమి గలదు? ఊరికంటె హెచ్చు కూలి దొరికినను, అద్దెయు తిండియు దానిని మ్రింగివేసినచో నాతని వలస నిష్ఫలమే గదా! 2019 నాటి వేతనశాసనము భిన్నప్రాంతములకు భిన్నమగు కనీసపు హద్దు నిర్ణయించుటకు వీలు కల్పించినది. వీలు కల్పించుట మేలే. కాని యందొక యపాయము గలదు. చౌకసీమల చౌకతనములో కొంత భాగము అచ్చటి కూలివాని పేదరికమే. ఆతనికి తక్కువ ముట్టుటచేతనే యితరులకు బ్రతుకు చౌక. "మీ సీమ చౌక గదా" యని యాతని కూలిని తగ్గించుట ఆ పేదరికమును శాశ్వతము చేయుటయే.

కావున దేశమంతటికి తగ్గరాని యొక యడుగుమట్ట ముండవలెను. ప్రియమైన తావుల దానిపై కూడిక యుండవలెను. ఆ కూడిక నిర్ణయించుటకు ఊరూరి ధరలను పోల్చు లెక్కలను ప్రభుత్వము ఏటేట ప్రకటింపవలెను. లెక్క లేనిచోట బలవంతుడు చెప్పినదే ధర, బలహీనుడు పుచ్చుకొన్నదే కూలి యగును.