లంక చుట్ట: పాతబడిన ఆకు రుచి

గోదావరి లంకల్లో పండే పొగాకుతో చుట్టిన చుట్ట ఒకప్పుడు ఇంగ్లండు దాకా పేరు తెచ్చుకుంది. ఆర్థర్ కోనన్ డాయిల్ 1890లో వెలువరించిన ‘ది సైన్ ఆఫ్ ది ఫోర్’లో షెర్లాక్ హోమ్స్ ఈ చుట్టను ప్రస్తావిస్తాడు. హంతకుడు భారతీయ లంక చుట్ట తాగేవాడని తేలితే వెతకవలసిన పరిధి ఎంతో తగ్గిపోతుందంటాడు. క్యూబా సిగార్ లాగే ఇందులోనూ లోపలా పైనా ఆకే. కాగితానికి చోటు లేదు.

పొగాకులన్నీ ఒక రకం కావు. నెల్లూరు జిల్లాలో పొగాకు పండేది కలిగిరి వంటి పడమటి మెట్ట ప్రాంతాల్లో. అది సిగరెట్లకు వాడే వర్జీనియా రకం. ఆకును బ్యారన్లలో వేడిగాలితో త్వరగా ఆరబెట్టడం వల్ల అందులో చక్కెర నిలిచి, దాని పొగకు ఆమ్లగుణం వస్తుంది. చుట్ట ఆకు నెమ్మదిగా ఆరుతుంది, చక్కెర ఖర్చయిపోతుంది, పొగ క్షారగుణం పొందుతుంది. అలాంటి పొగలోని నికోటిన్ నోటి పొరల గుండానే రక్తంలో కలుస్తుంది. అందుకే చుట్ట అలవాటున్నవారు సాధారణంగా పొగను నోట్లో నిలిపి వదిలేస్తారు. చుట్ట రుచి తెలిసేది నోటికీ ముక్కుకూ మాత్రమే.

ఆ రుచికి మొదలు ఒండ్రు. వానకాలపు వరద లంకల మీద కొత్త మట్టి పరిచి వెళ్తుంది. నీరు తీశాక నారు నాటుతారు. తలలు తుంచి, పిలకలు గిల్లడంతో బలమంతా ఆకుకే చేరి, ఆకు మందంగా, ఘాటుగా తయారవుతుంది. ఇలాంటి రకాలతో పాటు అన్ని రకాల పొగాకు మీద పరిశోధనకు రాజమండ్రిలో 1947లో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ వెలిసింది.

ఆరిన ఆకు పొడిగా ఉన్నప్పుడు ముట్టుకుంటే పొడి పొడి అవుతుంది. కొద్దిగా తేమ పట్టి పదునుకు వచ్చాకే దించి మండె వేస్తారు, అంటే కుప్పగా పేరుస్తారు. మండె లోపల ఆకు తనంతట తానే వేడెక్కుతుంది. వేడి మితిమీరకుండా దాన్ని విప్పి, పైది కిందికి, కిందిది పైకి మార్చి మళ్లీ పేరుస్తారు. ఈ మాగుడులో మాంసకృత్తులు విడిపోయి, అమ్మోనియా వాసన బయటికి పోతుంది. ఆకు రంగు ముదురుతుంది. చుట్టేటప్పుడు ఈనె తీసి, చిన్న ముక్కలు లోపల పెట్టి, చిరుగు లేని ఆకును పైన బిగిస్తారు.

క్యూబాలో మాగుడు అంతటితో ఆగదు. పినార్ దెల్ రియో ప్రాంతంలోని వుయెల్తా అబాహో ఆకుతో చుట్టిన సిగార్లు పెట్టెలోనూ మాగుతాయి. 65 నుంచి 70 శాతం తేమలో ఏళ్ల తరబడి దాస్తారు. 1985 నుంచి పెట్టె అడుగున తయారైన నెల, సంవత్సరం తెలిపే గుర్తు వేస్తున్నారు. అందువల్ల రఫాయెల్ గొంజాలెస్, సాంచో పాన్సా వంటి అంతగా ప్రచారం లేని పేర్లకు కూడా వయసు లెక్క తేలుతుంది. తెలుగునాట చుట్టకు అలాంటి తేదీ, భద్రపరిచే పద్ధతి స్థిరపడలేదు. ఇంత మంచి ఆకుకు ఇది నిజంగా లోటే.

పాత సిగార్‌ను పరీక్షించేవారు ముందు పైఆకు చూస్తారు. సన్నని నూనె మెరుపు ఉండాలి. వేళ్లతో నొక్కితే కొద్దిగా లొంగాలి, పెళపెళమనకూడదు. ముట్టించకుండానే ఒకసారి పీల్చి వాసన చూస్తారు. ముట్టించాక మూడు భాగాలుగా అంచనా వేస్తారు: మొదటి భాగంలో సౌమ్యంగా, నడుమ నిండుగా, చివర ఘాటుగా ఉంటుంది. వయసు మళ్లిన సిగార్‌లో కారపు పొగరు తగ్గి, దేవదారు, తోలు, ఎండిన పండు వంటి వాసనలు తేలతాయి. మరీ పాతబడితే వాసన కూడా పలచబడుతుంది.

రుచి ఎంత మెత్తబడినా కీడు మెత్తబడదు. ఉత్తర కోస్తాలో నిప్పు కొన నోట్లో పెట్టుకునే అడ్డపొగ అలవాటు, ముఖ్యంగా స్త్రీలలో, అంగిలి క్యాన్సర్‌కు దారితీస్తోందని 1971లో వెలువడిన పరిశోధన పదివేల మందికి పైగా గ్రామస్థులను పరీక్షించి చూపింది. మండె పెట్టి మాగించేటప్పుడే క్యాన్సర్ కారకాలైన నైట్రోసమైన్లు ఆకులో పెరుగుతాయి. ఆకుకు రుచి తెచ్చే మాగుడే ఆ విషాన్నీ పోగుచేస్తుంది. పెట్టెలో ఎన్నేళ్లు దాచినా నికోటిన్, తారు, క్యాన్సర్ ముప్పు పోవు.