హాస్టలు ఫోను వెనుక ఉన్న పెట్టె



మన ట్రస్టు ఉపకార వేతనం అందుకునే పిల్లల్లో చాలామంది ఇల్లు విడిచి హాస్టళ్లలో ఉండి చదువుకుంటున్నారు. బరంపురం గానీ, షోలాపూరు గానీ, బళ్ళారి గానీ, గేటు దగ్గరా వార్డెను గదిలోనూ మామూలు బటన్ల ఫోను ఉన్న హాస్టళ్లు నేటికీ ఉన్నాయి. సెల్ ఫోను అనుమతించని చోట తల్లికీ బిడ్డకూ మధ్య ఉన్న దారి అదొక్కటే. ఇటువంటి ఫోన్లు అమర్చడం నా వృత్తి కనుక, వాటిని ఎలా వాడుకోవాలో నాలుగు మాటలు రాస్తున్నాను.

చూడటానికి ఫోను పాతదే. రెండు రాగి తీగలు, ఒక రిసీవరు. కానీ ఆ తీగలు పోయి చేరేది టెలిఫోను ఎక్స్చేంజికి కాదు. అదే భవనంలో ఎక్కడో గోడకు బిగించిన ఒక పెట్టెకు. దానిని వాయిస్ గేట్‌వే అంటారు. 2 ఫోన్లకు సరిపోయేవి, 8 ఫోన్లకు సరిపోయేవి, 24 ఫోన్లకు సరిపోయేవి ఉన్నాయి. మన మాటను అది అంకెలుగా మార్చి, చిన్న చిన్న ప్యాకెట్లుగా కంప్యూటరు నెట్‌వర్కు మీద పంపుతుంది. భవనమంతా కొత్త తీగలు లాగనక్కరలేదు, పాత ఫోన్లు పారేయనక్కరలేదు. అందుకే యాజమాన్యాలకు ఇది నచ్చింది.

ఫోను తగిలించే రంధ్రాన్ని ఎఫ్.ఎక్స్.ఎస్. పోర్టు అంటారు. ఎక్స్చేంజి చేసే పనులన్నీ ఇదే చేస్తుంది. సుమారు 48 వోల్టుల కరెంటు ఇస్తుంది, డయల్ టోను వినిపిస్తుంది, గంట మోగిస్తుంది. ఎక్స్చేంజి నుంచి వచ్చే లైనును తగిలించేది ఎఫ్.ఎక్స్.ఓ. పోర్టు. ఈ రెండింటి తేడా డిప్లొమా, ఇంజనీరింగు పిల్లలు గుర్తుంచుకుంటే మంచిది, ఇంటర్వ్యూలలో అడుగుతారు.

అసలు విషయానికి వస్తాను. ఈ ఫోనుకు తెర లేదు, మెనూ లేదు. రిసీవరు ఎత్తారా, పెట్టారా, ఏ అంకె నొక్కారు, ఇంతే అది పెట్టెకు చెప్పగలదు. వీటికి తోడు నాలుగోది ఒకటుంది: మాట్లాడుతుండగా లైనును క్షణకాలం తెంచి మళ్ళీ కలపడం. దీనిని హుక్ ఫ్లాష్ అంటారు. కొన్ని ఫోన్ల మీద ఫ్లాష్ అనే బటనే ఉంటుంది, కొన్నిటి మీద 'ఆర్' అని ఉంటుంది. కాల్ మరొకరికి కలపడం, ముగ్గురు కలిసి మాట్లాడటం, మాట్లాడుతుండగా వచ్చిన రెండో కాల్ తీసుకోవడం, ఇవన్నీ ఎక్కువగా ఈ ఒక్క తెంపు మీదే ఆధారపడి ఉంటాయి.

గేటు దగ్గరి ఫోనుకు ఒక తల్లి చేసిందనుకోండి. "బాబూ, రెండో అంతస్తులో మా అమ్మాయి ఉంది, కాస్త కలుపు నాయనా" అంటుంది. "అలాగేనమ్మా, లైనులో ఉండండి" అని వాచ్‌మన్ ఫ్లాష్ నొక్కుతాడు. తల్లి లైను హోల్డులోకి వెళ్తుంది, ఇతనికి మళ్ళీ డయల్ టోను వస్తుంది. రెండో అంతస్తు నంబరు నొక్కి, అక్కడివారు పలికాక విషయం చెప్పి రిసీవరు పెట్టేస్తాడు. ఆ ఇద్దరూ కలుస్తారు. అవతల పలకక ముందే పెట్టేస్తే ఒక్కో వ్యవస్థ ఒక్కో రకంగా ప్రవర్తిస్తుంది. కొన్నిటిలో కలుస్తుంది, కొన్నిటిలో వాచ్‌మన్ ఫోనే తిరిగి మోగుతుంది.

"కలపబోతే కట్ అయిపోతోంది" అని నాకు వచ్చే ఫిర్యాదులలో చాలావరకు ఈ తెంపు నిడివి దగ్గరే తేలతాయి. పాత తిప్పుడు ఫోన్లు అంకెను పంపింది కూడా లైనును తెంచే: సెకనుకు 10 తెంపులు, ఒక్కోటి సుమారు 60 మిల్లీసెకన్లు. కాబట్టి ఫ్లాష్ మరీ పొట్టిదైతే పెట్టె దానిని పట్టించుకోదు, లేదా ఒక అంకె అనుకుంటుంది. మరీ పొడవైతే ఫోను పెట్టేశారనుకుని కాల్ తెంచేస్తుంది. ఎన్ని మిల్లీసెకన్లను ఫ్లాష్‌గా ఒప్పుకోవాలో పెట్టెలో అమర్చుకోవచ్చు. కొన్ని ఫోన్లలోనూ 100, 300, 600 వంటి అమరికలు ఉంటాయి. రెండూ పొసగాలి. ఫోను మార్చేముందు ఇది చూడండి. రిసీవరు పెట్టే మీటను వేలితో టకటకా కొట్టేవారు ఆ అలవాటు మానుకుంటే మేలు. వేలికి మిల్లీసెకన్ల లెక్క తెలియదు.

ఇక కాల్ ఫార్వర్డింగ్. మన ఫోనుకు వచ్చే కాల్స్‌ను మరో నంబరుకు మళ్ళించడం. దీనికి కోడ్ నొక్కాలి. సిస్కో కంపెనీ గేట్‌వేలను ఆ కంపెనీ కాల్ సర్వరుతో నడిపితే మామూలుగా స్టార్ స్టార్ 1 తో పెట్టడం, స్టార్ స్టార్ 2 తో తీయడం. యాజమాన్యం వాటిని మార్చుకోవచ్చు. అమెరికాలో స్టార్ 72, స్టార్ 73 వాడుక. అంటే కోడ్ ఫోనుది కాదు, వెనుకనున్న వ్యవస్థది. ఒక చోట నేర్చుకున్నది మరో చోట పనిచేస్తుందనుకోవద్దు.

నేను చూసిన ఒక హాస్టలులో వార్డెను గారు గేటు ఫోనును తన గదికి మళ్ళించి సెలవు మీద వెళ్ళారు. తాళం వేసిన గదిలో ఫోను మూడు రోజులు మోగింది. ఇక్కడినుంచి బయటకు కాల్స్ చక్కగా వెళ్తున్నాయి కనుక ఎవరికీ అనుమానం రాలేదు. ఒక తండ్రి, కూతురి సర్టిఫికెట్ల పరిశీలన తేదీ ముందుకు జరిగిందని చెప్పలేక, రాత్రి బస్సెక్కి రావలసి వచ్చింది. కాల్స్ అన్నీ మళ్ళించే ఏర్పాటు కంటే, ఇన్ని గంటలు మోగినా ఎత్తకపోతేనే మళ్ళించే ఏర్పాటు హాస్టళ్లకు మంచిదని నా అభిప్రాయం. మళ్ళింపు ఉన్నప్పుడు కొన్ని వ్యవస్థల్లో డయల్ టోను తెగితెగి వినిపిస్తుంది. వాయిస్ మెయిల్ వచ్చినప్పుడూ అటువంటి శబ్దమే రావచ్చు. అలా వినిపిస్తే వెంటనే ఆఫీసులో చెప్పండి.

ఈ సందర్భంలోనే ఒక హెచ్చరిక. సెల్ ఫోన్లలో ఇదే మళ్ళింపును మోసగాళ్ళు వాడుకున్నారు. కంపెనీ ఉద్యోగులమని నమ్మించి స్టార్ 401 హాష్, దాని వెంట ఒక నంబరు కొట్టించేవారు. ఆ తరువాత ఓటీపీ చెప్పే కాల్ కూడా వారికే వెళ్ళేది. అందుకే 2024 ఏప్రిల్ 15 నుంచి ఇటువంటి యు.ఎస్.ఎస్.డి. కోడ్ల ద్వారా మళ్ళింపును నిలిపివేయవలసిందిగా టెలికాం శాఖ ఆదేశించింది. ఎవరు చెప్పినా తెలియని కోడ్ నొక్కకండి.

మరో చిక్కు: కాలేజీకో బ్యాంకుకో ఫోను చేసినప్పుడు "1 నొక్కండి" అంటే నొక్కినా అవతల వినపడదు. ప్రతి అంకె రెండు స్వరాల జంట. 5 నొక్కితే 770, 1336 హెర్ట్జ్ కలిసి మోగుతాయి. నెట్‌వర్కు మీద చోటు ఆదా చేయడానికి జి.729 అనే పద్ధతిలో మాటను 64 కిలోబిట్ల నుంచి 8 కిలోబిట్లకు కుదిస్తే, మనిషి గొంతుకు అనువుగా చేసిన ఆ పద్ధతిలో ఈ స్వరాలు చెదిరిపోవచ్చు. దీనికి మందు ఉంది. అంకెను శబ్దంగా కాక, "5 నొక్కారు" అనే సమాచారంగా విడిగా పంపడం. 2000లో ఆర్.ఎఫ్.సి. 2833గా వచ్చిన ఈ పద్ధతిని 2006లో 4733గా సవరించారు. రెండు వైపులా ఇదే అమరి ఉందో లేదో చూడమని మెకానిక్కును అడగండి.

చివరిగా కరెంటు సంగతి. పాత లైనుకు ఎక్స్చేంజి బ్యాటరీల నుంచి కరెంటు వచ్చేది కనుక ఇంట్లో దీపాలు పోయినా ఫోను పలికేది. ఈ పెట్టెకు అలా కాదు. దానికి, దానిని నెట్‌వర్కుకు కలిపే స్విచ్చికి, రౌటరుకు, మూడింటికీ యు.పి.ఎస్. ఉండాలి. ఒక్క పెట్టెకే పెట్టి ఊరుకుంటే చీకట్లో డయల్ టోను వినిపించవచ్చు గాని కాల్ మాత్రం వెళ్ళదు. పిల్లలను చేర్పించేటప్పుడు వార్డెను గారిని ఈ ఒక్క ప్రశ్న తప్పక అడగండి.