వేగం తగ్గించి గెలిచిన చిప్పులు

వోల్టేజీ సగం, వేగం సగం చేస్తే చిప్ స్విచ్చుల కరెంటు ఖర్చు ఎంతవుతుంది? సగం కాదు, ఎనిమిదో వంతు! ఖర్చు వేగాన్ని బట్టి మామూలుగానే పెరుగుతుంది, వోల్టేజీని బట్టి మాత్రం వర్గం లెక్కన పెరుగుతుంది. దేశంలో తొలి ప్రాంతీయ ఇంజినీరింగ్ కళాశాలగా 1959లో మొదలైన వరంగల్ ఎన్‌ఐటీలోనైనా, అమెరికా ల్యాబుల్లోనైనా చిప్ చదువుకు ఇదే ఓనమాలు. ఈ కిటుకు సాఫ్ట్‌వేర్ చేతికి చిక్కాక పుట్టుకొచ్చిన ఘనులు వీరు.

పాత కాపు: 1994లో జెరాక్స్ పార్క్ పరిశోధన ల్యాబులో మార్క్ వైజర్ బృందం కట్టిన లెక్క. సెకనులో ఇరవయ్యో వంతుకోసారి పని ఒత్తిడి చూసి వేగం మారిస్తే, ప్రాసెసర్ ఖర్చులో 70 శాతం దాకా ఆదా!

రెండు గేర్ల బండి: 2000 జనవరిలో ల్యాప్‌టాప్ చిప్పుల్లో వచ్చిన ఇంటెల్ స్పీడ్‌స్టెప్. ప్లగ్గులో ఉంటే 650 మెగాహెర్ట్జ్, 1.6 వోల్టులు. బ్యాటరీ మీద 500 మెగాహెర్ట్జ్, 1.35 వోల్టులు. సూత్రం ప్రకారం వేగం తగ్గేది 23 శాతమే, ఖర్చు తగ్గేది 45 శాతం!

మెట్ల మొనగాడు: అదే నెలలో దిగిన ట్రాన్స్‌మెటా కంపెనీ చిప్ క్రూసో. 200 నుంచి 700 మెగాహెర్ట్జ్ దాకా 33 చొప్పున మెట్లు, 1.1 నుంచి 1.65 వోల్టులు. అడుగు మెట్టు మీద ఖర్చు పైమెట్టులో దాదాపు ఎనిమిదో వంతు. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ అప్పట్లో ఈ కంపెనీ ఉద్యోగే!

ఎక్కువ గవర్నర్లున్న రాజ్యం: లినక్స్. వేగం నిర్ణయించే ప్రోగ్రామ్ పేరే ‘గవర్నర్’. పెర్ఫార్మెన్స్, పవర్‌సేవ్, యూజర్‌స్పేస్, ఆన్‌డిమాండ్, కన్జర్వేటివ్, షెడ్యూటిల్ కలిపి ఆరుగురు! టెర్మినల్లో ‘పవర్‌సేవ్’కు మార్చే ఒక్క లైను కొట్టి ఎంటర్ నొక్కితే చాలు, మెగాహెర్ట్జ్ అంకె జారుతుంది, కాసేపటికి ఫ్యాన్ రొద సద్దుమణుగుతుంది.

తిండిపోతు: 2007 నాటి ఇంటెల్ 80 కోర్ల ప్రయోగ చిప్. 0.95 వోల్టుల దగ్గర సెకనుకు లక్ష కోట్ల లెక్కలు, ఖర్చు 62 వాట్లు. 1.35 వోల్టులకు తోస్తే లెక్కలు రెట్టింపు కూడా కాలేదు, 1.8 లక్షల కోట్లే. ఖర్చు మాత్రం నాలుగు రెట్లు దాటి 265 వాట్లు!

ఎక్కువ పగ్గాలున్న గుర్రం: 2010లో ఇంటెల్ చూపించిన 48 కోర్ల చిప్. వోల్టేజీకి 8 విభాగాలు, వేగానికి 28. పగ్గాలు సాఫ్ట్‌వేర్ చేతిలోనే. ఖర్చు 25 వాట్ల నుంచి 125 దాకా. ట్రాన్సిస్టర్లు 130 కోట్లు: హనుమకొండ వేయిస్తంభాల గుడిలాంటివి 13 లక్షలు కడితే గాని అన్ని స్తంభాలు లేవవు! రూపకర్తల్లో ఒకరు ఉస్మానియాలో ఇంజినీరింగ్ చదివి, ఇంటెల్ బెంగళూరు డిజైన్ ల్యాబ్‌ను మొదలుపెట్టిన వసంత ఎర్రగుంట్ల.

అల్పాహారి: ఆ బెంగళూరు బృందం చెయ్యి పడ్డ ఇంటెల్ ప్రయోగ చిప్ క్లేర్‌మాంట్. 2011లో తపాలా బిళ్లంత సౌర ఫలకంతో నడిపి చూపించారు. 1.2 వోల్టుల దగ్గర 915 మెగాహెర్ట్జ్, 737 మిల్లీవాట్లు. 0.28 వోల్టులకు దించితే 3 మెగాహెర్ట్జ్, 2 మిల్లీవాట్లు! భూపాలపల్లి దగ్గర చెల్పూరులోని 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ కేంద్రం కరెంటంతా వీటికే ఇస్తే ఒకేసారి 55 వేల కోట్ల చిప్పులు నడుస్తాయి.