ఆర్సెనిక్ తొలగింపులో బాక్టీరియా పాత్ర: కాటేదాన్ నేపథ్యంలో ఒక పరిశీలన

రసశాస్త్ర గ్రంథాల వల్ల హరితాళం, మనశ్శిల, గౌరీపాషాణం అనే పేర్లు తెలుగు పాఠకులకు పరిచితాలే. మొదటి రెండూ ఆర్సెనిక్ గంధకంతో కలిసిన రూపాలు. మూడవది ఆక్సిజన్‌తో కలిసినది. మూలకం ఒకటే అయినా రూపాన్ని బట్టి దాని గుణం మారుతుంది. బాక్టీరియాతో నీటిని శుద్ధి చేసే పద్ధతికి ఆధారం ఈ రూపభేదమే.

భూగర్భజలంలో ఆర్సెనిక్ అనగానే పశ్చిమ బెంగాల్, బంగ్లాదేశ్ గుర్తుకు వస్తాయి. అక్కడ అది నదులు తెచ్చిన ఒండ్రు నుంచి సహజంగా నీటిలో చేరింది. హైదరాబాదు గ్రానైటు నేల సంగతి వేరు. ఇక్కడి ఆర్సెనిక్ చర్చ ప్రధానంగా పరిశ్రమల చుట్టూ తిరుగుతుంది. పటాన్‌చెరు అందరికీ తెలిసిన ఉదాహరణ. పాతబస్తీకి దక్షిణపు అంచున ఉన్న కాటేదాన్ పారిశ్రామికవాడ మట్టిలోనూ సీసం, క్రోమియం, నికెల్, జింకు, కాడ్మియంలతోపాటు ఆర్సెనిక్ కాలుష్యం ఉన్నట్లు జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తల అధ్యయనం 2008లో వెల్లడించింది. ఆ ప్రాంతపు వ్యర్థజలం చేరే చోటు నూర్ మహమ్మద్ కుంట. మట్టిలో ఉన్నదంతా బోరునీటిలోకి దిగుతుందని చెప్పలేము. అయితే తాగునీటిలో ఆర్సెనిక్‌కు భారతీయ ప్రమాణాల సంస్థ విధించిన పరిమితి లీటరుకు 0.01 మిల్లీగ్రాము మాత్రమే. కొద్దిపాటి చేరికతోనే ఆ గీత దాటవచ్చు.

నీటిలో కరిగిన ఆర్సెనిక్ ముఖ్యంగా ఆర్సెనైట్, ఆర్సెనేట్ అనే రెండు రూపాల్లో ఉంటుంది. సాధారణ భూగర్భజలంలో ఆర్సెనైట్‌కు విద్యుదావేశం ఉండదు. కాబట్టి చాలా వడపోత పదార్థాలకు అది సులభంగా అంటుకోదు. విషప్రభావం కూడా దీనికే ఎక్కువ. ఋణావేశం గల ఆర్సెనేట్‌ను పట్టుకోవడం తేలిక. గాలి సోకితే ఆర్సెనైట్ ఆర్సెనేట్‌గా మారుతుంది గాని, చాలా నెమ్మదిగా. ఆర్సెనైట్ ఆక్సిడేజ్ అనే ఎంజైము గల బాక్టీరియా ఈ పనిని త్వరితం చేస్తుంది. దక్షిణాఫ్రికాలో పశువుల పిడుదులను చంపడానికి వాడే ఆర్సెనిక్ ద్రావణంలో ఇటువంటి బాక్టీరియాను 1918లోనే గుర్తించారు. ఆస్ట్రేలియాలోని ఒక బంగారు గనిలో దొరికి, 2000లో వర్ణితమైన ఎన్‌టీ-26 మరింత విచిత్రమైనది: ఆర్సెనైట్‌ను ఆర్సెనేట్‌గా మార్చడం వల్ల విడుదలయ్యే శక్తితోనే అది పెరగగలదు. మనిషికి విషమైనది దానికి ఆహారం!

తరువాతి పని ఇనుముది. గాలియొనెల్లా, లెప్టోథ్రిక్స్ వంటి బాక్టీరియా నీటిలో కరిగి ఉన్న ఇనుమును తుప్పురంగు బురదగా మారుస్తాయి. ఆర్సెనేట్ దానికి అంటుకుంటుంది. ఇసుక వడపోతలో ఆ బురద నిలిచిపోతుంది. ఇనుము తక్కువగా ఉన్న నీటికి దానిని బయటినుంచి చేర్చాలి. పాతబస్తీ పరిసరాల మురుగు కలిసిన నీటిలో మరో చిక్కు ఉంది. మలమూత్రాల నుంచి, డిటర్జెంట్ల నుంచి వచ్చే ఫాస్ఫేటు నిర్మాణంలో ఆర్సెనేట్‌ను పోలి ఉంటుంది. తుప్పు మీది చోటు కోసం దానితో పోటీపడుతుంది. పైగా క్రోమియం వంటి లోహాలు ఆ బాక్టీరియాకే హాని చేయగలవు. ప్రయోగశాలలో శుద్ధజలంతో సాధించిన ఫలితాన్ని కాటేదాన్ నీటికి యథాతథంగా ఆపాదించలేకపోవడానికి కారణాలివి.

ఇక్కడ ‘నిర్మూలన’ అనే పదాన్ని పరిశీలించాలి. సేంద్రియ కాలుష్యాలను బాక్టీరియా విచ్ఛిన్నం చేసి, అనుకూల పరిస్థితులలో బొగ్గుపులుసు వాయువుగా, నీరుగా మార్చగలదు. ఆర్సెనిక్ మూలకం, దానిని ఏ జీవీ నాశనం చేయలేదు. నీటిలోనిది బురదలోకి మారుతుంది, అంతే. ‘తొలగింపు’ అన్నా అది నీటికి మాత్రమే వర్తిస్తుంది. బురద విషయంలో ‘స్థిరీకరణ’ అనడమే ఉచితం. ఆ స్థిరత్వం కూడా ఆక్సిజన్ ఉన్నంతవరకే. గాలి అందని, సేంద్రియ పదార్థం నిండిన అడుగుమట్టిలో జియోబాక్టర్, షెవనెల్లా వంటి మరో వర్గం బాక్టీరియా ఇనుప తుప్పును తిరిగి కరిగిస్తుంది. దాన్ని అంటిపెట్టుకున్న ఆర్సెనిక్ నీటిలోకి విడుదల కావచ్చు. బెంగాల్ మట్టిలో ఆర్సెనిక్ విడుదలకు సూక్ష్మజీవులే కీలకమని 2004లో ‘నేచర్’ పత్రికలో వెలువడిన పరిశోధన చూపింది.

అంటే శుద్ధి యంత్రం ఎంత బాగా పనిచేస్తే, దాని బురదలో అంత ఆర్సెనిక్ పోగవుతుంది. దానిని ఆరబెట్టి, సిమెంటు వంటి పదార్థంతో బంధించి, ఆర్సెనిక్ ఊరడం లేదని పరీక్షించి, దుండిగల్‌లో ఉన్నటువంటి ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి తరలించాలి. ఆ ఖర్చు కలపకుండా వేసిన ఏ అంచనా అయినా అసంపూర్ణమే. అదే బురదను కుంట గట్టున పోస్తే వానకు కొట్టుకుపోయి అడుగుకు చేరుతుంది. అక్కడ గాలి అందదు.