ఇంధనరహిత ఆకాశయానము - నోదనవిచారము

కడప మండలమున పులివెందులకు సమీపముననున్న తుమ్మలపల్లె గనిలో యురేనియము త్రవ్వబడుచున్నది. జమ్మలమడుగు ప్రక్కన మైలవరము మండలమున ఎండను విద్యుత్తుగా మార్చు సౌరఫలకములు వరుసలు తీరియున్నవి. ప్రొద్దుటూరు బంగారపు అంగళ్లకు పేరుపడిన పట్టణము. పాదరసము బంగారమును తనలో కలుపుకొనునను సంగతి స్వర్ణకారులకు క్రొత్త కాదు. యురేనియము, ఎండ, పాదరసము - ఈ మూడింటికిని కిరోసిను వంటి శిలాజేంధనములు లేకుండ ఆకాశమున చరించు ప్రయత్నముల చరిత్రలో చోటు కలదు. అయితే ఈ మూడును ఆ యానమునకు ఒకే విధమైన కారణములు కావు. ఈ భేదమును గుర్తింపకపోవుటచేతనే "మన పాదరస విమానమే నేటి అయాన్ యంత్రము" అను మాట సభలలోను తరగతులలోను చెల్లుబాటగుచున్నది. సంస్కృతాధ్యాపకుని విద్యార్థి తప్పక అడుగు ప్రశ్న యిది. దీనికి సమాధానము అభిమానముచేత గాక శాస్త్రరీతిని చెప్పవలసియున్నది.

కణాదుడు వైశేషిక దర్శనమున అయిదవ అధ్యాయమును కర్మ, అనగా చలనము, యొక్క పరీక్షకై వినియోగించెను. వింటినుండి వెడలిన బాణమునకు మొదటి చలనము నోదనమువలన కలుగును. ఆ చలనమువలన వేగమను సంస్కారము పుట్టును. తరువాతి చలనములు దానివలననే సాగును. సంస్కారము నశించినపుడు గురుత్వముచేత బాణము పడిపోవును. నోదనమనగా ఒక విధమైన సంయోగము. శబ్దమును పుట్టించు సంయోగము అభిఘాతము, పుట్టింపనిది నోదనము అని విశ్వనాథపంచాననుని విభాగము. తర్కసంగ్రహము చదివిన బాలునికి కారణత్రయము కంఠస్థము గనుక దానిని ఇచట అన్వయించుట సులభము. విమానచలనమునకు విమానమే సమవాయికారణము. వెనుకకు నెట్టబడు పదార్థముతో విమానమునకు గల నోదనాఖ్యసంయోగము అసమవాయికారణము. ఆ నెట్టుటకు శక్తినిచ్చు అగ్నియో విద్యుత్తో నిమిత్తకారణము.

కిరోసినుతో ఎగురు విమానమున వెనుకకు నెట్టబడునది చాలవరకు గాలియే; కిరోసిను నిమిత్తస్థానమున నిలుచును. రాకెట్టులోనైతే శక్తినిచ్చునదియు, వెనుకకు వెడలునదియు ఒకే పదార్థము: మండినది మండి, ఆ వాయువుగానే వెలికి పోవును. ఈ రెండు పనులను వేరుచేయుటయే ఇంధనరహిత నోదనమునకు మొదటి మెట్టు.

యురేనియము విషయమున ఈ వేర్పాటు స్పష్టముగా కానవచ్చును. అమెరికావారు 1960 దశకమున నెవడా ఎడారిలో నెర్వా అను యంత్రమును నేలమీద పరీక్షించిరి. అందు యురేనియము మండదు, వెలికి పోదు. దాని విచ్ఛిత్తివలన పుట్టిన వేడిమిచే ద్రవహైడ్రోజను ఆవిరియై వెనుకకు దూకును. నిమిత్తము యురేనియము, నోదనద్రవ్యము హైడ్రోజను. ఆ యత్నము 1973లో ఆగిపోయినది. తుమ్మలపల్లె యురేనియము ఉద్దేశింపబడినది విద్యుత్కేంద్రములకే గాని అంతరిక్షమునకు కాదు.

పాదరసము మాట. 1964 జూలైలో అమెరికా ప్రయోగించిన సెర్ట్-1 అను నౌకలో పాదరసమును వాడిన అయాన్ యంత్రము సుమారు అరగంట పనిచేసెను. 1970లో ప్రయోగించిన సెర్ట్-2లో అట్టివే రెండు యంత్రములు సౌరఫలకముల విద్యుత్తుతో వేలకొలది గంటలు నడచినవి. ఆ యంత్రమున పాదరసము ఆవిరి చేయబడును. ఆ యావిరియందలి పరమాణువులనుండి ఎలక్ట్రానులు తొలగింపబడును. మిగిలిన ధనావేశ కణములను విద్యుత్తు అత్యంత వేగముతో వెనుకకు విసరును. పాదరసమును ఎన్నుకొనుటకు హేతువు దాని పరమాణుభారము అధికమై యుండుట, ఆవిరి యగుట సులభము కావుట. అనగా అది వెనుకకు విసరబడు ద్రవ్యము మాత్రమే. శక్తి సూర్యునిది. పాదరసము విషమగుటచేత తరువాత క్సెనాన్ అను జడవాయువు దాని స్థానమును పొందినది. 2022లో మినమాటా ఒడంబడిక దేశములు ఉపగ్రహనోదనమునకు పాదరసమును వాడుట 2025 నాటికి మానవలెనని నిర్ణయించినవి. 2017 మే 5న శ్రీహరికోటనుండి వెడలిన జీశాట్-9 ఉపగ్రహమునందు క్సెనాన్‌తో పనిచేయు విద్యుత్ నోదనవ్యవస్థ ఉన్నది.

ఈ యంత్రముల బలమెంత? 1998లో వెడలిన డీప్ స్పేస్-1 యంత్రము గరిష్ఠముగా ఇచ్చిన నెట్టుబలము భూమిమీద తొమ్మిది గ్రాముల బరువుతో సమానము. ప్రొద్దుటూరు లెక్కలో తులమునకు లోపే. కాని విసరబడు కణముల వేగము సెకనుకు సుమారు 30 కిలోమీటర్లు. రసాయనిక రాకెట్టులలో అది నాలుగున్నర దాటదు. నిర్వాతమైన అంతరిక్షమున నెలల తరబడి నెట్టినచో ఆ స్వల్పబలమే మహావేగమగును. భూమినుండి మనిషిని పైకెత్తుటకు మాత్రము అది ఎంతమాత్రము చాలదు.

ఇక పూర్వపక్షము. ధారానగరాధీశుడగు భోజుడు పదకొండవ శతాబ్దిలో రచించిన సమరాంగణసూత్రధారమున ముప్పది యొకటవ అధ్యాయము యంత్రవిధానము. తేలికైన కొయ్యతో మహాపక్షి నొకదానిని చేసి, దాని కడుపులో పాదరసయంత్రమును, దాని క్రింద అగ్నిని ఉంచవలెనని అందు చెప్పబడినది. రెక్కలు విదల్చుటచేత వెడలు గాలివలనను, పాదరసశక్తివలనను దానియందలి పురుషుడు దూరము పోవునని భోజుని మాట. ఇది ప్రామాణిక గ్రంథము. 1924లో గణపతిశాస్త్రిగారు బరోడానుండి దీని ముద్రణ నారంభించిరి. కాని ఇందు పాదరసము అగ్నిచే కాచబడునది, వెనుకకు విసరబడునది కాదు. నెట్టబడునది గాలి. నిమిత్తము నిప్పు. కారణములు మూడింట రెండు వేరైనపుడు కార్యసామ్యము చెప్పుట తార్కికునికి తగదు. యంత్రముల ఘటనను చెప్పకపోవుట రహస్యరక్షణకే గాని అజ్ఞానమువలన కాదని భోజుడే అనెను. ఆ మాటను నమ్మినవారైనను, చెప్పని దానిని తాము పూరించి భోజునికి అంటగట్టరాదు.

భరద్వాజుని పేరిట చెల్లు వైమానికశాస్త్రము సంగతి వేరు. దీనిని ఆనేకల్ నివాసి సుబ్బరాయశాస్త్రిగారు 1918 - 1923 మధ్య చెప్పి వ్రాయించిరి. 1974లో బెంగుళూరు భారతీయ విజ్ఞానసంస్థకు చెందిన అయిదుగురు దీనిని పరిశీలించి, భాష వైదికము కాదనియు, గ్రంథము 1904కు పూర్వపుది కాజాలదనియు, అందలి శకున, సుందర, రుక్మ, త్రిపుర విమానములు ఎగురజాలవనియు తేల్చిరి. ఇంజనీర్లు చేసిన ఈ భాషాపరీక్ష నిజమునకు సంస్కృతజ్ఞులు ముందుగా చేయవలసిన పని. భోజుని గ్రంథమును దీనితో ఒకే గాట కట్టుటచే నష్టపోవునది భోజుడే.

భూమినుండి లేచు విమానముల విషయమున పరిష్కారము ఇంకను కొరతగానే ఉన్నది. కిలో కిరోసినులోని శక్తితో పోల్చినచో కిలో బ్యాటరీలోని శక్తి నలువదవ వంతునకు మించదు. సోలార్ ఇంపల్స్-2 ఎండతోనే 2015 - 2016లలో భూమిని చుట్టివచ్చినది; రెక్కల నిడివి 72 మీటర్లు, మోసినది ఒక్క చోదకుని. రష్యావారి టీయూ-155 విమానము 1988లో ద్రవహైడ్రోజనుతో ఎగిరెను. దానిని సున్నకు దిగువ 253 డిగ్రీల చలిలో నిలుపవలెను. అదియు గాక నేటి హైడ్రోజను చాలవరకు సహజవాయువునుండియే తీయబడుచున్నది. పొగ కనబడకపోయినంత మాత్రమున శిలాజేంధనము లేదనరాదు.

నోదనలక్షణమునకు కఠినమైన ఉదాహరణ మొకటి మిగిలియున్నది. 2010లో జపాను ప్రయోగించిన ఇకారోస్ నౌక పలుచని తెరచాపను విప్పి సూర్యకాంతి ఒత్తిడిచే నెట్టబడినది. దానిని ముందుకు నెట్టుటకు ఏ ద్రవ్యమును మోసికొని పోనక్కర లేదు, వెనుకకు విసరనక్కర లేదు. ఇచట తేజస్సే నిమిత్తము, తేజస్సంయోగమే అసమవాయికారణము. వైశేషికులు గురుత్వమును పృథివికిని జలమునకును మాత్రమే చెప్పిరి. వేగమును తేజస్సునకును చెప్పిరి. గురుత్వము లేనిదానికి వేగము కలదని వారు ఒప్పుకొనిరి గనుక తేజస్సు తెరచాపను నెట్టుట వారి వ్యవస్థకు విరుద్ధము కాదు. సంయోగము ద్విష్ఠమని చెప్పియు నెట్టునదానికి ఎదురుగా కలుగు బలమెంతయో వారు కొలువలేదు. ఆ పరిమాణనియమము న్యూటనునిది. కాంతిసంయోగమువలన శబ్దము పుట్టదు గనుక విశ్వనాథుని లక్షణము ప్రకారము దీనిని అభిఘాతము అనక నోదనము అనియే చెప్పవలెను.