రోము రాజుకు వేల్పుల వంశం, మన రాజుకు అమ్మ పేరు
పాత నాణేలు చెప్పే ముచ్చట్లు

సిరిసిల్ల: పొలం దున్నేటప్పుడో, బావి తవ్వేటప్పుడో బయటపడిన పాత వెండి బిళ్ల కంసాలి మూసలో పడితే తూకం మిగులుతుంది గాని, దాని మీది కథ మిగలదు. పది రూపాయలకు మించిన విలువ గల నిక్షేపం దొరికితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలని 1878 నాటి చట్టం చెబుతున్నది. ఈ సంగతి చాలామందికి తెలియదు.

ఎక్కడి రోము, ఎక్కడి పెద్దబంకూరు! అయినా పెద్దపల్లి దగ్గరి ఆ ఊరి తవ్వకాల్లో శాతవాహనుల నాణేలతోపాటు రోము నాణేలూ దొరికాయి. నల్లగొండ ప్రాంతపు అక్కనపల్లిలో ఒక్కచోటనే 1,500కు పైగా రోము వెండి నాణేలు బయటపడ్డాయి. అవి అగస్టస్, టైబీరియస్ చక్రవర్తులవి. మిరియాలు, ముత్యాలు, నూలు బట్టల కోసం ఏటా 5 కోట్ల సెస్టర్సులు భారతదేశానికి పోతున్నాయని రోము పండితుడు ప్లినీ వాపోయాడు. నేతగాళ్ల ఊరైన సిరిసిల్లకు ఇది వినసొంపైన మాటే.

ఇక కథ. రోములో జూలియస్ సీజరు వంశం వారు తాము వీనస్ దేవత సంతతి అని చెప్పుకునేవారు. ఆమె కొడుకు ఈనియస్. ట్రాయ్ నగరం తగలబడుతుంటే ముసలి తండ్రిని భుజాన ఎత్తుకొని బయటపడ్డాడట. మన శ్రవణకుమారుడు కావడిలో తల్లిదండ్రులను మోసినట్టే. క్రీ.పూ. 47-46 ప్రాంతంలో సీజరు వేయించిన వెండి నాణెం మీద ఒకవైపు వీనస్, మరోవైపు తండ్రిని మోస్తున్న ఈనియస్ కానవస్తారు. చనిపోయాక సీజరును దేవుణ్ణి చేశారు. దానితో దత్తపుత్రుడైన అగస్టస్ తన నాణేలపై ‘దేవుని కుమారుడు’ అని అచ్చు వేయించుకున్నాడు. అతని తర్వాత వచ్చిన టైబీరియస్ ‘దేవుడైన అగస్టస్ కుమారుడు’ అయ్యాడు. చదువురాని వాడి చేతికి కూడా రాజుగారి వంశవృక్షం చేరాలంటే డబ్బును మించిన దండోరా ఏముంది?

మన రాజులు వేరే దారి పట్టారు. జగిత్యాల జిల్లాలో గోదావరి ఒడ్డునున్న కోటిలింగాలలో దొరికిన చిముకుని నాణేలపై రాజు పేరు, వంశం పేరే ఉన్నాయి. తర్వాతి శాతవాహనులు తల్లి పేరు పెట్టుకున్నారు. గౌతమి కొడుకు గౌతమీపుత్రుడు, వాసిష్ఠి కొడుకు వాసిష్ఠీపుత్రుడు. నాణేలపై ఏనుగు, సింహం, ఓడ బొమ్మలు వేయించారు.

మన దేశంలో దొరికిన రోము నాణేలు కొన్నింటిపై చక్రవర్తి తల మీదుగా ఉలిగాటు ఉంది. ఎందుకు పెట్టారన్నదానిపై పండితులది తలా ఒక మాట. దేవుని కుమారుడైనా సరే, ఇక్కడి బజారులో వెండికే విలువ!