పాత వాచీ ఇస్తే కొత్త వాచీ: ఈ బేరం గిట్టుబాటేనా?

స్టీలు సామాన్లావిడ వీధిలోకి వచ్చిందంటే జగ్గయ్యపేటలో ఏ ఇల్లాలైనా పాత బట్టలు మూటగట్టి గుమ్మంలో కూర్చోవలసిందే. జరీ చీర ఒకటి చివరి వరకూ పక్కన దాచి, "ఇది కూడా వేస్తాను గానీ బేసిన్‌తో పాటు గరిటె కూడా ఇవ్వాలి" అంటాం. ఆవిడ లేచి వెళ్ళిపోతున్నట్టు నటిస్తుంది, మనమూ తలుపు వేసేస్తున్నట్టు నటిస్తాం. అంత బేరం తెలిసిన మనం, షోరూంలో "పాతది తెండి, కొత్తది పట్టుకెళ్ళండి" అన్న బోర్డు చూడగానే నోరెందుకు మెదపం చెప్పండి?

నందిగామలో మా వదిన కొడుకు, కొత్తగా వచ్చిన స్మార్ట్‌వాచీ కొంటానని పట్టుబట్టాడు. ఖరీదు 20,000. "రెండేళ్ళయ్యాక ఎక్స్చేంజిలో ఇచ్చేస్తే డబ్బు తిరిగొస్తుందమ్మా" అని వాడి వాదన. మిర్చి డబ్బు చేతికొచ్చిన నెల. అప్పటికే ఆ డబ్బు కోసం నాలుగు ఖర్చులు వరసలో నిలబడి ఉన్నాయి. వదిన నన్నడిగింది.

బంగారం సంగతి మనకి తెలుసు. పాత గొలుసు మారిస్తే తరుగు, మజూరీ పోతాయి, రాళ్ళ బరువు తీసేస్తారు. అయినా మిగిలిన బంగారానికి ఆ రోజు ధర కట్టవలసిందే. వాచీకి అలాంటి ఆధారం లేదు. బ్యాటరీ రోజురోజుకీ బలం తగ్గుతుంది. కంపెనీ కొత్త సాఫ్ట్‌వేర్ పంపడం మానేస్తే, చూడటానికి బాగానే ఉన్నా వెనకబడిపోతుంది.

2015లో యాపిల్ కంపెనీ 18 క్యారెట్ల బంగారంతో వాచీ చేసింది. అమెరికాలో దాని ధర 10,000 డాలర్ల నుంచి మొదలు! 2018లో వచ్చిన కొత్త సాఫ్ట్‌వేర్ దానికి పనిచెయ్యలేదు. 2023లో కంపెనీయే దాన్ని కాలం చెల్లిన సరుకుల జాబితాలో వేసేసింది, అంటే ఇక రిపేరు కూడా చెయ్యదు. విలువ మిగిలిందల్లా పైనున్న బంగారానికే.

మారకం నిజంగా లాభించిన సందర్భమూ ఉంది. గూగుల్ కంపెనీ కళ్ళద్దాలు 2013లో 1,500 డాలర్లు. ముందుగా కొన్నవాళ్ళకి ఆ ఏడాది చివర్లో పాతవి తీసుకుని మెరుగుపరిచినవి ఉచితంగా ఇచ్చింది. బాగానే ఉంది కదా? 2015 జనవరిలో ఆ అద్దాల అమ్మకమే ఆపేసింది.

అంచేత వదినకి ఒక ఉపాయం చెప్పాను. కొత్త వాచీ ధర అడగొద్దు, అదే కంపెనీ రెండేళ్ళ నాటి వాచీ తెస్తే ఇవాళ ఎంతిస్తారో అడుగు అన్నాను. షాపు అబ్బాయి ఫోన్లో ఏదో నొక్కి, గీతలు లేకపోతే 2,500 అన్నాడట. అంటే 17,500 ఖర్చు. 24 నెలలకి పంచితే నెలకి దాదాపు 730 రూపాయలు అద్దె కట్టినట్టు! ఇంట్లో పెద్దవాళ్ళు పడిపోతే కబురందడం వంటి అవసరం ఉండి, ఆ అద్దె దండగ కాదనిపిస్తే కొనుక్కోవచ్చు. లేదంటే తర్వాతి మోడల్ వచ్చాక, ధర తగ్గిన పాత మోడల్ తీసుకుంటే సరి.

ఇంకో మాట. ఎక్స్చేంజి లేకుండా అదే వాచీ పక్క షాపులో ఎంతకిస్తున్నారో చూడండి. ఇక్కడ పాతదానికిచ్చే రెండు వేలూ అక్కడ మామూలు తగ్గింపుగానే దొరకొచ్చు. తిరిగి కొంటామని కంపెనీ హామీ ఇస్తే ధర, గడువు, బిల్లు, చార్జరు ఉండాలా వద్దా అన్నీ కాగితం మీద రాయించుకోండి. పాత వాచీ చేతికిచ్చే ముందు ఫోన్ నుంచి విడదీసి, లోపలి వివరాలన్నీ తుడిపించడం మరవకండి. మీ గుండె లెక్కలు, నిద్ర లెక్కలు ఊరివాళ్ళకెందుకు?

వదిన ఆ 20,000 వరసలో ఉన్న ఖర్చులకి సర్దేసింది. అబ్బాయి ఇంకా అలక మీదే ఉన్నాడు.